స్టేషన్‌లో కేసు కట్టలేదు సరే, ఎక్స్‌రే ఎక్కడుంది?

ప్రశ్న: ఎనిమిది నెలల క్రితం ప్రహరీ గోడ గొడవలో పక్కింటాయన నా చెయ్యి మెలిపెట్టి కింద పడేశాడు. మణికట్టు ఎముక విరిగి పిండికట్టు వేశారు. కొట్టాడని మాత్రం రాసి స్టేషన్‌లో ఇచ్చాను, రసీదు అడగలేదు. ఎస్‌ఐ ‘మీలో మీరు సర్దుకోండి’ అని అవమానించి పంపేశారు. పోలీసుల మీద నమ్మకం పోయింది. మెడలో గొలుసు కూడా లాక్కున్నాడని రాస్తే కేసు కడతారట. రాయవచ్చా?

జవాబు: రాయకండి. జరగని నేరం మోపితే భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 248 కింద మీరే ముద్దాయి అవుతారు. ఐదేళ్ల దాకా జైలు, దోపిడీ లాంటి పెద్ద నేరం మోపితే పదేళ్ల దాకా. పైగా మొదటి కాగితంలో లేని గొలుసు ఇప్పుడెలా వచ్చిందని అవతలి వకీలు అడిగితే, నిజంగా విరిగిన చెయ్యిని కూడా ఎవరూ నమ్మరు.

మీ ఉత్తరం నిండా ఎస్‌ఐ మాటలే. కేసును తేల్చేది మీ మణికట్టు. ఎముక విరిగితే అది తీవ్ర గాయం, సెక్షన్ 117(2), ఏడేళ్ల దాకా శిక్ష. ఎఫ్‌ఐఆర్ కట్టి తీరాల్సిందే; లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు 2013లోనే తేల్చింది. విరగలేదంటే సాధారణ గాయం, 115(2). మేజిస్ట్రేట్ ఉత్తర్వు లేనిదే పోలీసులు దర్యాప్తు చేయలేరు. అప్పుడైనా ఫిర్యాదు డైరీలో రాసుకుని మిమ్మల్ని కోర్టుకు వెళ్లమనాలి గానీ, సర్దుకోమని పంపడం తప్పే.

కానీ చేతికి కట్టుతో వెళ్లి ఎముక విరిగిన సంగతే రాయకపోవడం ఏమిటండీ? రసీదు అడగకపోవడం ఏమిటి?

సాధారణ గాయమైతే ఏడాదిలోపు కోర్టుకు వెళ్లాలి. మీకు మిగిలింది నాలుగు నెలలే. తీవ్ర గాయానికి ఆ గడువు లేదు, ఆలస్యానికి కారణం మాత్రం చెప్పుకోవాలి.

ముందు ఆస్పత్రి నుంచి కేస్ షీటు, ఎక్స్‌రే రిపోర్టు నకళ్లు తీసుకోండి. వాటిని జతచేసి, జరిగింది జరిగినట్టు రాసి ఎస్పీకి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి; భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (కేసులు నడిపే పద్ధతి చెప్పే చట్టం) సెక్షన్ 173(4) ఆ దారి ఇచ్చింది. అక్కడా కదలిక లేకపోతే అఫిడవిట్‌తో మేజిస్ట్రేట్ దగ్గర 175(3) కింద దరఖాస్తు వేయాలి. పోస్టు రసీదులు లేకపోతే అది నిలవడం కష్టం.

ఎస్పీకి రాసే ఉత్తరంలోనే మీరు స్టేషన్‌కు వెళ్లిన తేదీ, వేళ చెప్పి ఆ రోజు సీసీ కెమెరా రికార్డింగును భద్రపరచమని అడగండి. స్టేషన్ రికార్డింగులు కనీసం ఏడాది ఉంచాలని సుప్రీంకోర్టు 2020లో ఆదేశించింది. ఈ వారమే పంపండి.