ఊరి పక్క జలపాతానికి జనం వస్తున్నారు, ఊరికి ఆదాయం రావాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ ప్రశ్న చదువుతుంటే మా పక్క ఊరి గురించే అడిగినట్టుంది. ఊరి పక్కనే జలపాతం, శని ఆదివారాలు చెన్నై నుంచి వందల కార్లు, సోమవారం పొద్దున చూస్తే బీరు సీసాలు, బిర్యానీ ప్యాకెట్లు. ప్రభుత్వం, అటవీశాఖ, ఊరివాళ్లు కలిసి దీన్ని బతుకుతెరువుగా మార్చుకున్న రాష్ట్రం ఏదైనా ఉందా, మనమైతే ఎక్కడ మొదలుపెట్టాలి అని కదా అడిగారు. నాకు తెలిసింది చెప్తాను, కొంచెం పొడుగవుతుంది.

నాది పుత్తూరు వైపు. ఉద్యోగం చెన్నైలో. ఆ కార్లలో వచ్చి ఊరిని పాడు చేసినవాళ్లలో నేనూ ఒకణ్ని, ఆ మాట ముందే ఒప్పుకుంటే మంచిది. 2014 నుంచి నాలుగేళ్లపాటు ఆఫీసు వాళ్లని పోగేసి నాగలాపురం కొండలకి ట్రెక్‌లకి తీసుకెళ్లేవాణ్ని. పర్మిషన్ అనే మాటే మాకు తట్టేది కాదు. రిజర్వు ఫారెస్టులోకి అనుమతి లేకుండా అడుగుపెట్టడం 1967 నాటి అటవీ చట్టం ప్రకారం నేరమని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

2016 డిసెంబరులో ఒకసారి 38 మందిమి వెళ్లాం. రెండో మడుగు దగ్గర ఒక కుర్రాడు పాకుడు పట్టిన రాయి మీద జారి నీళ్లలో పడ్డాడు. ఈత రాదు. మా దగ్గర తాడు లేదు, లైఫ్ జాకెట్ లేదు, ఫోన్‌కి సిగ్నల్ లేదు. మేమంతా కేకలు పెడుతుంటే, పైన మేకలు మేపుకుంటున్న ఒక పెద్దాయన దిగొచ్చాడు. చేతిలో ఆకు కోసే దోటి. కొడవలి ఉన్న కొన తన వైపు తిప్పుకుని, మొద్దు కొన నీళ్లలోకి చాపాడు. కుర్రాడు పట్టుకున్నాడు, లాగేశాడు. ఆ తొందరలో ఆయన ముంజేతికి కొడవలి గీరుకుని రక్తం కారుతోంది. ఆయనకి మేం ఇచ్చింది ఐదొందలు. ఆ రోజు నేను తలకి 650 చొప్పున వసూలు చేశాను. బస్సుకీ భోజనానికీ పోయింది, నేనేమీ మిగుల్చుకోలేదు. కానీ టీ కొట్టు తప్పిస్తే ఆ ఊళ్లో మేం ఖర్చు పెట్టిన డబ్బు ఆ ఐదొందలే.

2018 మార్చి 11న తమిళనాడు తేని జిల్లా కురంగణి దగ్గర కొండల్లో కార్చిచ్చు చెలరేగింది. ట్రెక్కింగ్‌కి వెళ్లినవాళ్లు ఇరవై మందికి పైగా చనిపోయారు. చెన్నై నుంచి వెళ్లినవాళ్లూ అందులో ఉన్నారు. మరుసటి రోజు నా ఫోన్‌కి మా అమ్మ పదకొండుసార్లు చేసింది. నేను ట్రెక్‌లు ఆపేసింది అప్పుడే.

మీరడిగిన రాష్ట్రం కూడా నా దృష్టిలో తమిళనాడే. కురంగణి తర్వాత అక్కడ ట్రెక్కింగ్‌కి ప్రత్యేకంగా నియమాలు పెట్టారు. చాలాకాలం అడవిలోకి పోవడమే కష్టమైంది. అలా మూసేసి ఊరుకుని ఉంటే ఇప్పుడు చెప్పుకోవడానికేమీ ఉండేది కాదు. 2024 అక్టోబరులో ‘ట్రెక్ తమిళనాడు’ పేరుతో 14 జిల్లాల్లో 40 దారులు ఒకేసారి తెరిచారు. దారి, అనుమతి అటవీశాఖ చూసుకుంటుంది. ఆన్‌లైన్‌లో బుకింగు పెట్టి, ప్రభుత్వ కార్పొరేషన్ ఒకటి నడుపుతుంది. నడిపించేది ఆ కొండల కింద ఊళ్ల కుర్రాళ్లు, వాళ్లకి ముందే శిక్షణ ఇచ్చారు. ఎండలు ముదిరి అడవి అంటుకునే రోజుల్లో మొత్తం మూసేస్తారు. 2025లో ఫిబ్రవరి మధ్య నుంచి ఏప్రిల్ మధ్య దాకా అలాగే మూశారు.

తిరువళ్లూరు జిల్లాలో గుడియం గుహలు ఉన్నాయి. ఆది మానవుల ఆనవాళ్లు దొరికిన చోటు, ఆంధ్రా బోర్డరుకి దగ్గరే. ఆ దారిలో నేను డబ్బు కట్టి వెళ్లాను. బయల్దేరేముందు తలలు లెక్కపెట్టారు, తిరిగొచ్చాక మళ్లీ లెక్కపెట్టారు. చిన్న సంగతే, కానీ నాలుగేళ్లు జనాన్ని తిప్పిన నేను ఒక్కసారి కూడా ఆ పని సరిగ్గా చేయలేదు. మాతో వచ్చిన గైడుకి ఇరవై రెండేళ్లుంటాయి. అంతకుముందు శ్రీపెరుంబుదూరు వైపు ఫ్యాక్టరీకి కంపెనీ బస్సులో పోయేవాడట. ‘ఇప్పుడు ఆదివారం నాకు పని, సోమవారం నిద్ర’ అని నవ్వాడు. అతను చూపించకపోతే ఆ గులకరాళ్ల గుహని మేం ఫొటో తీసుకుని వచ్చేసేవాళ్లం. రేటు ఎక్కువని మా బ్యాచ్‌లో ఇద్దరు గొణిగారు. నాకైతే ఆ గైడు కూలి కళ్లముందు కనిపిస్తోంది కాబట్టి ఎక్కువనిపించలేదు.

మన దగ్గర ఇలాంటిది లేదనుకోకండి. మారేడుమిల్లిలో వనసంరక్షణ సమితి (అడవిని కాపాడటానికి అటవీశాఖ ఊరివాళ్లతో పెట్టే సంఘం) చేత అటవీశాఖ పర్యాటకం నడిపించడం మొదలై చాలా ఏళ్లయింది. తలకోనలోనూ అదే పద్ధతి. కోరింగ మడ అడవిలో మత్స్యకారుల కమిటీ ఉంది. తెలంగాణలో అమ్రాబాద్ పులుల అడవిలో చెంచు కుర్రాళ్లు గైడ్లుగా ఉన్నారు. మనకి కొరత ఆలోచనలకి కాదు. ఒక చోట కుదిరింది పది చోట్లకి పాకించే నాథుడే లేడు. కొత్త పాలసీల్లో రిసార్టులకి, పెట్టుబడులకి రాయితీలు బాగానే ఉన్నాయి. 2024లో ఆంధ్రప్రదేశ్ పర్యాటకానికి పరిశ్రమ హోదా కూడా ఇచ్చింది. దానితో హోటలు కట్టేవాడికి లాభమే. మడుగు దగ్గర దోటి పట్టుకున్న పెద్దాయనకి అందులో ఏముందో నాకింకా అర్థం కాలేదు.

ఇప్పుడు మా పక్క ఊరి కథ. 2019లో అక్కడి కుర్రాళ్లు ఊరి మొదట్లో వెదురు గడ అడ్డం కట్టి బండికి 30 రూపాయలు వసూలు మొదలుపెట్టారు. రసీదు పుస్తకం ఎక్కడిదనుకున్నారు? గంగజాతర చందాలకి అచ్చేయించగా మిగిలినది. పైన అమ్మవారి బొమ్మ చూసి చెన్నై వాళ్లు చాలామంది గుడి చందా అనుకుని, దణ్ణం పెట్టి మరీ ఇచ్చారు. మంచి ఆదివారం వంద బండ్లు దాటేవి. నెల తిరక్కుండానే లెక్కలు ఎవరు చూడాలన్న దగ్గర ఊరు రెండు వర్గాలైంది. ఒకరోజు గడ విరగ్గొట్టారు, స్టేషన్‌కి పోయారు. లోపలిది రిజర్వు ఫారెస్టు, మీకు వసూలు చేసే హక్కే లేదని ఫారెస్టు వాళ్లు చెప్పి ఆపించారు. ఆ తర్వాత కరోనా.

2022లో మళ్లీ మొదలైంది కానీ ఈసారి పద్ధతి మారింది. ఊళ్లో ఎప్పటిదో వనసంరక్షణ సమితి కాగితాల మీద ఉంది. దాన్ని దుమ్ము దులిపి మళ్లీ ఎన్నిక పెట్టారు. బ్యాంకులో జాయింట్ ఖాతా తెరిచారు, ఊరి తరఫున ఒకరు, అటవీశాఖ తరఫున ఒకరు సంతకం పెడితేనే డబ్బు బయటికొస్తుంది. రసీదులకి నంబర్లు వేయించారు. ప్రతి సోమవారం సాయంత్రం రచ్చబండ దగ్గర లెక్క చదివి వినిపిస్తారు. భాగస్వామ్యం అంటే అక్కడ నాకు కనిపించింది ఇదే. ఎంఓయూ అనే ఒప్పంద పత్రాల మీద సంతకాల ఫొటోలకన్నా ఆ లెక్క చదవడం వల్లే ఊరు గొడవ పడకుండా ఉంది. గైడ్లుగా పెట్టుకున్న ఆరుగురిలో నలుగురు యానాదులు. ఆ దారులు వాళ్లకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియవు. అంతవరకూ వాళ్లని ఎవరూ అడగలేదు, అంతే.

రోజుకి 150 మందికి మించి పంపకూడదన్నది రేంజర్ పెట్టిన షరతు. మొదటి రెండు నెలలు వెనక్కి పంపినవాళ్ల తిట్లు వినలేకపోయారు, ఆదాయమూ పడిపోయింది. తలకి వంద చేశాక సర్దుకుంది. తక్కువ మంది కాబట్టి వచ్చినవాళ్లు గైడుని తీసుకుంటున్నారు, ఊళ్లో భోజనం చెప్పి చేయించుకుంటున్నారు. రాగి సంగటి, నాటుకోడి పులుసు పెట్టే ఒకావిడకి ఆదివారం ఇరవై ఆకులు లేస్తున్నాయి. లక్షలు కురుస్తాయని నేను చెప్పను. గైడుకి రోజుకి 600 వస్తుంది, అదీ వారాంతాల్లోనే, ఎండాకాలం ఏమీ ఉండదు. మరుగుదొడ్డి సమస్య ఇంకా తీరలేదు. ఆడవాళ్లు బట్టలు మార్చుకోవడానికి ఈరోజుకీ నాలుగు గుంజలకి కట్టిన టార్పాలినే దిక్కు.

కట్టడాల గురించి ఒక మాట. విశాఖ రుషికొండ బీచ్‌కి 2020లో బ్లూ ఫ్లాగ్ (శుభ్రంగా, భద్రంగా ఉన్న బీచ్‌లకిచ్చే అంతర్జాతీయ గుర్తింపు) వచ్చినప్పుడు అందరం సంబరపడ్డాం. 2025 మొదట్లో నిర్వహణ బాగాలేదని ఆ జెండా దించేశారు, హడావిడిగా సరిచేస్తే మళ్లీ ఇచ్చారు. గేటు, ఆర్చీ, సెల్ఫీ బోర్డు ఒకసారి నిధులొస్తే అయిపోతాయి. రోజూ ఊడ్చే మనిషి జీతం ప్రతి నెలా కావాలి, అది ఏ ఖాతాలోంచి వస్తుందో ముందే రాసుకోవాలి. అమెరికాలో కొలరాడో రాష్ట్రం 1992లోనే లాటరీ డబ్బులో వాటా పార్కులకి, కాలిబాటలకి పోవాలని ఓటు వేసి తేల్చుకుంది. మనకి లాటరీ వద్దులెండి, కానీ ఏటా ఆగకుండా వచ్చే డబ్బు అన్న సంగతి మాత్రం పట్టుకోండి.

మీ ఊరి విషయానికొస్తే, ముందు టూరిజం వాళ్ల దగ్గరకి పోకండి. జలపాతం రిజర్వు ఫారెస్టులో ఉంటే మొదటి గుమ్మం అటవీశాఖదే. మీ ఊరికి పాత వనసంరక్షణ సమితి ఉందేమో బీటు ఆఫీసరుని అడగండి, చాలా ఊళ్లకి ఉంటుంది, ఎవరికీ గుర్తుండదు. పంచాయతీలో తీర్మానం చేయించండి. అటవీ సంరక్షణ చట్టానికి 2023లో చేసిన సవరణ ప్రకారం, అడవి నిర్వహణకి అటవీశాఖ రాసుకునే వర్కింగ్ ప్లాన్‌లో చేర్చిన ప్రభుత్వ ఎకో టూరిజం సౌకర్యాలకి వెసులుబాటు ఉంది. మీ చోటుని అందులో చేర్చమని జిల్లా అటవీ అధికారికి (డీఎఫ్‌వో) అర్జీ పెట్టండి. సర్పంచ్‌ని వెంట తీసుకెళ్లండి. అటు పక్షం, ఇటు పక్షం ఇద్దరు పెద్దమనుషులూ ఉండాలి, లేకపోతే మా పక్క ఊరి వెదురు గడ గతే.

ఉత్త చేతుల్తో మాత్రం వెళ్లొద్దు. నాలుగు వారాంతాలు ఊరి మొదట్లో ఒక కుర్రాణ్ని కూర్చోబెట్టి ఎన్ని కార్లు, ఎన్ని బైకులు, ఎంతమంది, ఎన్ని గంటలకి వచ్చి ఎన్నింటికి పోయారో నోటు పుస్తకంలో రాయించండి. ఎన్ని బస్తాల చెత్త ఎత్తారో పక్కనే రాయండి. ఆ పుస్తకం చూశాకే అక్కడి రేంజర్ కుర్చీలో ముందుకి జరిగాడని మా వాళ్లు చెప్పారు. డీఎఫ్‌వో ఆఫీసుకి సోమవారం మాత్రం వెళ్లకండి, ఆ రోజు జిల్లా అధికారులు జనం అర్జీలు తీసుకునే గ్రీవెన్స్‌లో ఉంటారు. మంగళవారం పదిన్నరకల్లా వెళ్తే మనిషి దొరుకుతాడు.