ప్లగ్గు వైర్లకు జడ వేయకు

చిరంజీవికి ఆశీస్సులు.

అమ్మా, నీ కథ నిన్న రాత్రి చదివాను. తాతగారు తడి తువ్వాలుతో అంబాసిడర్ బానెట్ తుడుస్తూ, తుప్పు పట్టిన చోటికి రాగానే చెయ్యి నెమ్మది చేసుకుంటారు చూడు, అక్కడ నాకు కళ్ళు చెమర్చాయి. అది నువ్వు చూసి రాశావు. తర్వాత నాలుగో పేజీకి వచ్చాను. వచ్చి కాగితాలు పక్కన పెట్టేశాను.

నాలుగో పేజీలో నీ కుర్రాడు, పాత ప్లగ్గు వైరు, అదే స్పార్కు పుట్టించే ప్లగ్గుకి కరెంటు మోసేది, వేడి పొగ బయటికి పోయే గొట్టమైన మానిఫోల్డ్‌కి తగిలి కాలిపోయిందంటాడు. కొత్త సెట్టు తెస్తాడు. నాలుగు వైర్లనూ "అమ్మ జడ అల్లినట్టు" అల్లేసి, చివర ప్లాస్టిక్ టై బిగించి, ఇంజన్ ఎంత ముచ్చటగా ఉందోనని మురిసిపోతాడు. బండి 1968 మార్క్ 2 అని నువ్వే చెప్పావు. అంటే లోపల ఉండేది 1489 సీసీ ఇంజన్, బీఎంసీ అనే బ్రిటిష్ కంపెనీది. దానికి కార్బురేటరు, మానిఫోల్డ్, సైలెన్సర్ పైపు అన్నీ డ్రైవరు సీట్లో కూర్చున్నవాడికి ఎడమ పక్క ఉంటాయి. ప్లగ్గులూ, వాటికి వంతులవారీగా కరెంటు పంచే డిస్ట్రిబ్యూటరూ కుడి పక్క. ఎవరైనా పనిగట్టుకుని ఇంజన్ మీదుగా అవతలికి లాగితే తప్ప ఆ వైరు మానిఫోల్డ్‌కి తగలదు. తాతగారి బండి ఇంకా మీ ఇంటి వెనక షెడ్డులోనే ఉందని ఉత్తరంలో రాశావే, ఒక్కసారి బానెట్ ఎత్తి చూడాల్సింది కదమ్మా!

ఇక జడ. నన్ను ఎక్కువ బాధపెట్టింది అదే. ఎందుకో చెప్తాను.

1979లో నేను విజయవాడ ఆటోనగర్‌లో ఒక షెడ్డులో హెల్పర్‌ని. పగలంతా గ్రీజు, రాత్రి అద్దె గదిలో కథలు. మా షెడ్డుకి వచ్చే టాక్సీల్లో ఎక్కువ అంబాసిడర్లే. ఒక వానాకాలం ఏలూరు నుంచి ఒక టాక్సీ వచ్చింది, బ్రేకుల పని మీద. బానెట్ ఎత్తితే ప్లగ్గు వైర్లు ఒకదాని మీద ఒకటి పడి చిందరవందరగా కనిపించాయి. మేస్త్రి భోజనానికి వెళ్ళినప్పుడు నేను వాటిని దగ్గరికి చేర్చి, నల్ల ఇన్సులేషన్ టేపు చుట్టి, ఒక్క కట్టగా చేసి పెట్టాను. ఎవరూ చెప్పలేదు. మేస్త్రి మెచ్చుకుంటాడని నా ఆశ.

రెండు రోజుల్లో డ్రైవరు తిరిగొచ్చాడు. బండి మిస్సింగ్, అంటే మధ్యమధ్య మంట తప్పి ఇంజన్ తడబడుతోంది, ఎక్కువ తొక్కితే కార్బురేటర్లోంచి టప్పుమని కొడుతోంది. మేస్త్రి నన్నేమీ అనలేదు. చీకటి పడేదాకా ఆగాడు. షెడ్డులో లైటు తీసేయించి, ఇంజన్ స్టార్ట్ చేయించి, చేతిలో నీళ్ళు తీసుకుని వైర్ల మీద తుంపరగా చిలకరించాడు. నేను టేపు చుట్టిన చోట, టేపు అంచు దాటగానే, మూడో వైరు నుంచి నాలుగో వైరుకి నీలం గీతలు. గోరంత పొడుగు. చిటచిటమని చప్పుడు, వాటితోపాటే ఇంజన్ తడబాటు. నేను ఆ చీకట్లో నోరు తెరుచుకుని నిలబడిపోయాను.

"కట్టేముందు నన్నెందుకు అడగలేదురా" అని మాత్రం అన్నాడు. తర్వాత నేల మీద సుద్దముక్కతో గీసి చెప్పాడు. ఆ ఇంజన్‌లో మంట పడే వరస 1-3-4-2. మూడో సిలిండర్‌లో స్పార్కు పడే వేళకి నాలుగో దాంట్లో పెట్రోలు కలిసిన గాలి అప్పుడే నిండి ఉంటుంది, ఇంకా నొక్కుడు పడదు. ఒత్తిడి తక్కువున్న చోట ప్లగ్గు దగ్గర స్పార్కు దూకడానికి పెద్ద బలం అక్కర్లేదు. బ్యాటరీ కరెంటుకి వోల్టేజీ పెంచే కాయిల్ నుంచి వచ్చేది వేల వోల్టులు. వైరు మీద రబ్బరు పాతదై పగిలింది, వాన తేమ ఉంది, నేనేమో రెంటినీ ఒరుసుకునేలా బిగించాను. మూడుకి పోవాల్సిన కరెంటు నాలుగులో ముట్టించింది. ఇన్‌లెట్ వాల్వు పూర్తిగా మూసుకోకముందే అంటుకుంటే ఆ మంట వచ్చేది వెనక్కి, కార్బురేటర్లోకే.

అమెరికా వీ8 బండ్ల, అంటే వీ ఆకారంలో ఎనిమిది సిలిండర్లున్న ఇంజన్ల ఫొటోలు చూసి రాశానన్నావు. ఆ ఫొటోల్లో వైర్లు వరసగా, అందంగా ఉంటాయి, నిజమే. కానీ 1955లో వచ్చిన ఆ చిన్న షెవర్లే వీ8 సంగతి చూడు. దాని వరస 1-8-4-3-6-5-7-2. అయిదు, ఏడు ఒకే వైపు పక్కపక్క సిలిండర్లు, పైగా ఒకదాని వెంటనే ఒకటి పేలతాయి. అందుకే పని తెలిసినవాళ్ళు ఆ రెండు వైర్లనీ పక్కపక్కన సాగనివ్వరు, మధ్యలో ఇంకో వైరునో ఖాళీనో పెడతారు. ఫొటోలో నీకు అందం కనిపించింది, దాని వెనకున్న కారణం కనిపించలేదు. నా బాధంతా ఇదే. మన కథల్లో ఇప్పుడు ఎక్కడ చూసినా ఇదే జరుగుతోంది. పని తెలియని చోటికి రాగానే పోలిక వచ్చి కూర్చుంటుంది. కుమ్మరి చక్రం రాయాలంటే భూమి తిరిగినట్టు, మగ్గం రాయాలంటే బతుకు నేసినట్టు. అమ్మ జడ, నాన్న చెమట, పాత ఇంటి వాసన ఉంటే చాలు, బహుమతి ఇచ్చేస్తున్నారు. చెయ్యి ఏం పట్టుకుంది, ఎటు తిప్పింది అని అడిగేవాళ్ళే లేరు.

ఆ రాత్రి మీద నేనూ కథ రాశాను, 1983లో. ఒక వారపత్రిక ఎడిటర్ రోటర్, కండెన్సర్, మిస్సింగ్ అన్న మాటలన్నీ కొట్టేసి "యంత్ర భాగాలు", "మొరాయింపు" అని దిద్ది అచ్చేశాడు. నీలం గీతలున్న పేరా ఎత్తేసి, దాని చోట మేస్త్రి కళ్ళలో అనుభవాల లోతు పెట్టాడు. పాఠకులకు అర్థం కాదని ఆయన వాదన. ఆ వారం మా షెడ్డులో అచ్చయిన కథ చదివి వినిపిస్తే ఒక డ్రైవరు అడిగాడు, మొరాయింపు అంటే మిస్సింగేనా అని. నలభై ఏళ్ళు దాటినా ఆ కోపం నాలో చల్లారలేదు. నీ కథలో ఎవరైనా "డిస్ట్రిబ్యూటర్" కొట్టేసి ఇంకేదైనా పెడతానంటే కథ వెనక్కి తెచ్చేసుకో.

సరే, నీ కుర్రాడి చేత ఏం చేయించాలంటే, ముందు రేడియేటర్ వైపున్న ప్లగ్గు విప్పించు, అదే ఒకటో నంబరు. ఆ రంధ్రం మీద బొటనవేలు పెట్టి ఉంచి, ఇంకొకరి చేత ఇంజన్ తిప్పే ఇనప హ్యాండిల్ తిప్పించాలి. గాలి వేలిని నెట్టుకొచ్చే దెబ్బ పూర్తయి పిస్టన్ పైకి చేరినచోట ఆపితే, డిస్ట్రిబ్యూటర్ క్యాప్ లోపల తిరిగే రోటర్ ఎటు చూస్తోందో అదే ఒకటో వైరు చోటు. అక్కడి నుంచి, పైనుంచి చూస్తే గడియారం ముల్లుకి ఎదురు దిశలో, మూడు, నాలుగు, రెండు. చాలామంది ఇక్కడే తప్పుతారు, బండి స్టార్ట్ అవక గంటలకొద్దీ టెన్షన్ పడతారు. వైరు పొడుగు క్యాప్ నుంచి ప్లగ్గు దాకా అది వెళ్ళే దారిలోనే కొలవాలి, దానికి అదనంగా ఒక అంగుళం వదలాలి, ఎందుకంటే ఇంజన్ రబ్బరు మౌంటింగుల మీద ఊగుతుంది. బిగుతుగా లాగితే ఊడొస్తుంది. మరీ వదులైతే డైనమో బెల్టు వైపో, బానెట్ కిందో ఒరుసుకుంటుంది. నాలుగు గాడులున్న ప్లాస్టిక్ క్లిప్పు దొరుకుతుంది, దాంట్లో పెడితే వైరుకీ వైరుకీ మధ్య సందు ఉంటుంది. రెండు దాటక తప్పకపోతే అడ్డంగా దాటాలి, జోడుగా సాగకూడదు. కాయిల్ నుంచి వచ్చే మధ్య వైరు వీటికి దూరంగా రావాలి. ఇదంతా కుదిరాక చూడు, దానంతటదే నీటుగా కనిపిస్తుంది. నీ కుర్రాడు మురిసిపోవాల్సింది అప్పుడు.

ఇదంతా కథలో రాయమనడం లేదు. బొటనవేలి మీద ఆ గాలి దెబ్బ ఒక్కటి నీకు తగిలితే చాలు, ఏ రెండు వాక్యాలు ఉంచాలో నీకే తెలుస్తుంది.

పోటీకి పంపాలా, ముగింపు మార్చాలా అని అడిగావు. ఇప్పుడు వాటి గురించి మాట్లాడను. వచ్చే ఆదివారం షెడ్డు తలుపు తీయి. మీ బాబాయికి పాత బండ్లు తెలుసన్నావుగా, ఆయన్ని పక్కన ఉండమను. చీకటి పడ్డాక ఇంజన్ స్టార్ట్ చేసి, లైటు తీసి, నీలం గీతలు ఉన్నాయేమో చూడండి, చెయ్యి మాత్రం పెట్టవద్దు. తెల్లారి ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు, వైర్లు తీసేముందు ఒక్కోదానికీ నంబరు రాసిన కాగితం ముక్క అంటించు. తీసేటప్పుడు ప్లగ్గు మీది క్యాపు పట్టుకుని తిప్పుతూ లాగు, వైరు పట్టుకుని లాగకు. ఈ మధ్య దొరికేవాటిలో చాలావరకు లోపల కార్బన్ తీగే, తెగినా పైకి కనపడదు. తర్వాత నాలుగో పేజీ ఒక్కటే మళ్ళీ రాసి పంపు. తాతగారి తువ్వాలు ఉన్న పేజీ ముట్టుకోకు.