అకౌంటెంటును పెట్టుకోండి, ఓటీపీ మాత్రం మీ ఫోనుకే రావాలి

బెజవాడ పటమటలో కొత్తగా స్టేషనరీ షాపు పెట్టిన తమ్ముడి ప్రశ్న ఇది. నెలకు 1,500 ఇస్తే లెక్కలు, జీఎస్టీ అన్నీ తానే చూసుకుంటానని ఒకాయన అంటున్నారట. ఆయనకు అప్పగించాలా, యూట్యూబ్ చూసి నేర్చుకుని తనే చేసుకోవాలా అని అడుగుతున్నాడు.

మాది గుంటూరు బ్రాడీపేటలో మ్యాచింగ్ సెంటర్. జాకెట్టు గుడ్డలు, లైనింగులు, ఫాల్స్, లంగాలు, దారాలు అమ్ముతాం. 2015లో పెట్టాం. నాకు లెక్కలు నేర్పింది మా మామగారు. ఆయనకు పట్నం బజారులో చిన్న కిరాణా కొట్టు ఉండేది. కొత్త చిట్టా తెస్తే మొదటి పేజీకి పసుపు రాసి, పైన 'శ్రీరామ' అని పెట్టందే కలం కదిపేవారు కాదు. పప్పు కొలిచేటప్పుడు ఒకటి అనేవారు కాదు, లాభం, రెండు, మూడు అనేవారు. రాత్రి గల్లాపెట్టె డబ్బుకూ చిట్టాకూ రూపాయి తేడా వచ్చినా అన్నానికి లేచేవారు కాదు. మా అత్తగారు ఆ రూపాయిని తిట్టుకుంటూ కూరలు మళ్లీ వేడి చేసేది. నాకంత నిష్ఠ లేదు గానీ, ఏ రోజు లెక్క ఆ రోజు రాసే అలవాటు మాత్రం ఆయన దగ్గరే పట్టుబడింది.

జీఎస్టీ వచ్చిన 2017 జులైలో ఆ అలవాటు కూడా పోయింది. కంప్యూటరు, పోర్టలు, పాస్‌వర్డు అనేసరికి నాకూ మావారికీ కాళ్లూ చేతులూ ఆడలేదు. తెలిసినవాళ్లు చెబితే ఒక ఆడిటర్ గారికి అప్పగించాం. మన దగ్గర టాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్ వచ్చిన ప్రతివాణ్నీ ఆడిటర్ గారనే పిలుస్తాం. సీఏ చదివారా, బీకాం మధ్యలో ఆపేశారా అని ఎవరూ అడగరు. నేనూ అడగలేదు. ఆయన మంచి మాటకారి. "అమ్మా, బిల్లులన్నీ సంచిలో వేసి నెలకోసారి పంపించండి, మిగతాది నాకు వదిలేయండి, టెన్షన్ పడకండి" అన్నారు. నాకు ఆ మాట అమృతంలా వినిపించింది. నెలనెలా వెయ్యి రూపాయలు ఆయనకు, కట్టాల్సిన పన్ను డబ్బు కూడా ఆయనకే ఫోన్‌పే. ఆరేళ్లు అలాగే నడిచింది.

2024 ఫిబ్రవరిలో, మాఘమాసం పెళ్లిళ్ల సీజను నడుస్తుండగా సరుకు కోసం బెజవాడ వస్త్రలత బట్టల మార్కెట్టుకు వెళ్లాను. ఎప్పుడూ కొనే షాపే. నలభై వేల సరుకు ఏరి పెట్టాను. పట్టు జాకెట్టు గుడ్డల తానులు ఒకదాని మీద ఒకటి పేర్చి, తాడు వేసి మూట కూడా కట్టేశారు. బిల్లు కొట్టే కుర్రాడు మా జీఎస్టీ నంబరు వేశాడు, ఆగాడు, మళ్లీ వేశాడు. "ఆంటీ, 37 తర్వాత అక్షరాలు ఒకసారి చెప్పండి" అన్నాడు. చెప్పాను. కంప్యూటరు తెర నా వైపు తిప్పాడు. మా షాపు పేరు ఉంది, మావారి పేరు ఉంది, కింద క్యాన్సిల్డ్ అని ఉంది.

వెనక నలుగురు నిలబడి ఉన్నారు. దొంగనోటు ఇచ్చి దొరికిపోయినట్టు అనిపించింది నాకు. ఆడిటర్ గారికి ఫోన్ చేస్తే "సర్వర్ ప్రాబ్లం అమ్మా, రెండు రోజుల్లో సరైపోతుంది" అన్నారు. రెండోసారి చేస్తే ఎత్తలేదు. ఆ కుర్రాడు మంచివాడు కాబట్టి మూట పక్కన పెట్టి, కుర్చీ వేసి, తన ఫోనులోనే ఇంకో సంగతి చూపించాడు. జీఎస్టీ పోర్టల్లో లాగిన్ లేకుండానే ఎవరి నంబరైనా వేసి, ఏ నెల రిటర్ను, అంటే అమ్మకాలూ పన్నూ చూపించే లెక్క, ఎప్పుడు వేశారో చూడొచ్చట. ఆరేళ్లుగా రిజిస్ట్రేషన్ ఉన్న నాకు ఆ ముక్క తెలియదు. చూస్తే 2023 ఏప్రిల్‌తో ఆగిపోయింది మా పట్టిక. మే నుంచి ఒక్కటీ వేయలేదు.

పన్ను డబ్బు మాత్రం నెలనెలా పంపిస్తూనే ఉన్నాను కదా! బస్సులో గుంటూరు ఆటోనగర్ దాటేదాకా ఫోన్‌పే హిస్టరీ వెతుక్కుంటూ కూర్చున్నాను.

తర్వాత తెలిసిందేమిటంటే, వరుసగా ఆరు నెలలు రిటర్నులు వేయకపోతే రిజిస్ట్రేషన్ రద్దు చేసే అధికారం డిపార్ట్‌మెంటుకు ఉంది. ముందు నోటీసు ఇస్తారు. మాకూ ఇచ్చారు. కానీ రిజిస్ట్రేషన్ చేసిన రోజున ఆడిటర్ గారు తన ఫోన్ నంబరు, తన ఈమెయిలే పెట్టారు. నోటీసులూ ఓటీపీలూ అన్నీ అక్కడికే పోయాయి. రద్దు ఆర్డరు వచ్చి అప్పటికి 70 రోజులు. దాన్ని వెనక్కి తీసుకోమని అర్జీ పెట్టడానికి గడువు 90 రోజులు. ఆ గడువు కూడా 2023 అక్టోబరులో పెంచింది, అంతకుముందు 30 రోజులేనట. ఆ పెంపే లేకపోతే నా మామూలు గడువు అప్పటికే దాటిపోయి ఉండేది.

అరండల్‌పేటలో ఒక సీఏ గారి దగ్గరికి పరుగెత్తాం. ఈసారి బోర్డు మీద సీఏ అని చదివాకే మెట్లెక్కాను. ఆయన మొదట నా ఫోన్ నంబరు పోర్టల్లోకి ఎక్కించారు. తర్వాత ఎనిమిది నెలల రిటర్నులు వేయించారు. లేటు ఫీజు రోజుకు 50 రూపాయలు, మా అంత చిన్న షాపులకు ఒక్కో రిటర్నుకు 2,000 దాటదు. ఎనిమిదీ ఆ హద్దు దాటినవే, అంటే 16,000. వడ్డీ ఏడాదికి 18 శాతం లెక్కన విడిగా. పన్ను డబ్బు రెండోసారి కట్టాం. సీఏ గారి ఫీజు సరేసరి. మార్చి రెండో వారంలో నంబరు మళ్లీ బతికింది. అప్పటికి ముహూర్తాలు సగం అయిపోయాయి.

తప్పు నాది కూడా ఉంది. లక్ష్మీపురంలో ఒక బొటిక్ ఆవిడ మా దగ్గరే లైనింగులు తీసుకుంటుంది. ఆవిడ రెండుసార్లు చెప్పింది, "అక్కా, మీ బిల్లులు మా దాంట్లో కనిపించట్లేదంట" అని. ఆవిడ ఆడిటర్ కుంటిసాకులు చెబుతున్నాడనుకున్నాను. మన రిటర్ను పడితేనే అవతలివాళ్లకు ఆ పన్ను జమ, అంటే వాళ్లు తమ పన్నులో తగ్గించుకునే సొమ్ము, కనిపిస్తుందని అప్పటికి నాకు తెలియదు. ఆవిడ ఊరుకోలేదు, ఆ 5 శాతం పన్ను పట్టుకునే మిగతాది ఇచ్చింది. న్యాయమే.

ఇక మీ ప్రశ్నకు వస్తాను. మొట్టమొదట, మీకు జీఎస్టీ అవసరమా? ఆంధ్రలో సరుకులు అమ్మే షాపుకు ఏడాది అమ్మకం 40 లక్షలు దాటే వరకు, బయటి రాష్ట్రానికి అమ్మకపోతే, మామూలుగా రిజిస్ట్రేషనే అక్కర్లేదు. పైగా నోటుపుస్తకాలు, పెన్సిళ్లు, రబ్బర్లకు 2025 సెప్టెంబరు 22 నుంచి పన్ను లేదు, పెన్నులకు ఉంది. అయితే పన్ను లేని వాటి అమ్మకం కూడా ఆ 40 లక్షల్లో కలుస్తుంది, అది మర్చిపోవద్దు. ఆ 1,500 ఆయన దేనికి అడుగుతున్నారో ముందు అది తేల్చుకోండి.

రోజువారీ లెక్క మాత్రం ఎవరికీ ఇవ్వకండి. రాత్రి పది నిమిషాల పని అది. నగదు ఎంత, ఫోన్‌పే ఎంత, అరువు ఎవరికి, ఖర్చు దేనికి. నేను ఇప్పుడు మళ్లీ రెండు వందల పేజీల లాంగ్ నోటుబుక్కులోనే రాస్తున్నాను. మా అబ్బాయి యాప్ వేసిచ్చాడు, ఫోను మార్చినప్పుడు అందులో రెండు నెలల లెక్క ఎగిరిపోయింది. పుస్తకం ఎక్కడికీ ఎగరదు, ఎలుకలు కొట్టకపోతే.

కొన్న బిల్లులు సంచిలో వేయకండి, ముఖ్యంగా ఆ మెత్తటి కాగితం మీద మిషన్ కొట్టే బిల్లులు. మూడు నెలలకు అవి తెల్లకాగితం అయిపోతాయి. ఒకసారి ట్రాన్స్‌పోర్టు బిల్లులు పదకొండు తీస్తే ఒక్కదాని మీదా అక్షరం లేదు. ఇప్పుడు రాగానే ఫోటో తీసి, పుస్తకంలో అతికించి, పక్కన మొత్తం పెన్నుతో రాస్తున్నాను.

షాపు క్యూఆర్‌ను ఇంటి పనులకు వాడకండి. మా ఆడపడుచు చీటీ డబ్బులు షాపు ఖాతాకే కొడుతుంది. వద్దని మూడేళ్లుగా చెబుతున్నాను. "అదే కదా వదినా, నీ నంబరు నోటికి వచ్చేది" అంటుంది. ఏడాది చివర సీఏ గారు ఒక్కొక్క పదివేలకూ ఇదేమిటి, ఇది అమ్మకమా అని అడుగుతుంటే, ఆవిడ చీటీ పాట చరిత్ర అంతా నేను చెప్పుకోవాలి.

రిటర్ను వేయడం మాత్రం తెలిసినవాళ్లకే ఇవ్వండి. నేనూ ఒక నెల సొంతంగా ప్రయత్నించాను. 20వ తారీఖు సాయంత్రం ఆ పోర్టలు ముందు కూర్చుంటే, తిరుమల సర్వదర్శనం క్యూ నయం. ఏ గడిలో ఏది వేయాలో తెలియక ఒక నెల జమ రెండుసార్లు వేయబోయాను. ఇప్పుడు సీఏ గారికి నెలకు 1,200 ఇస్తున్నాను, ఒక్క రూపాయి కూడా బాధనిపించదు. కానీ ఓటీపీ నాకే వస్తుంది, చలానా మా బ్యాంకు నుంచి నేనే కడతాను. పన్ను డబ్బు ఇంకొకరి చేతిలో పెట్టేది లేదు. 14న పోర్టల్లో మన కొనుగోళ్ల జాబితా పడుతుంది, 2బీ అంటారు. 15 రాత్రి దాన్ని ప్రింటు తీసుకుని బిల్లు బిల్లుకూ ఎర్రపెన్నుతో టిక్కు పెడతాను. లేని బిల్లు ఉంటే పొద్దున్నే ఆ షాపుకు ఫోన్ చేస్తాను. పోయినసారి ఒక గుమస్తా మా నంబరులో ఒక అక్షరం తప్పు కొట్టాడు. 2,300 రూపాయల జమ ఎవరి ఖాతాలోకో పోయి ఉండేది.

గుంటూరులో సగం మంది షాపులవాళ్లకు తమ జీఎస్టీ పాస్‌వర్డు తెలియదని నా గట్టి నమ్మకం. ఊరంతా తిరిగి అడగలేదు లెండి, మా లైన్లో నలుగురిని అడిగితే ముగ్గురు "ఆడిటర్ గారికే తెలుసు" అన్నారు. అందులో ఒకాయన ఆ సంగతి గర్వంగా చెప్పాడు.

మా పాత ఆడిటర్ గారు నేను పంపిన పన్ను డబ్బులో సగం పైన విడతలుగా తిరిగి ఇచ్చారు. ఇంట్లో ఏవో ఇబ్బందులు అన్నారు, నిజమే అయి ఉండొచ్చు. ఇంకా 11,000 రావాలి. మొన్న వాళ్లావిడ చెల్లెలి పెళ్లికని మా షాపుకే వచ్చింది. నాలుగు పట్టు జాకెట్టు గుడ్డలు, లైనింగులు, రెండు ఫాల్స్, మొత్తం 1,840 అయింది. పర్సు తీయబోతే వద్దన్నాను. బిల్లు చేతిలో పెట్టి, పుస్తకంలో ఆయన పద్దు తీసి జమ రాసుకున్నాను. ఇంకా 9,160 ఉంది.