సేద్యానికీ రాజ్యానికీ మధ్య వేల ఏళ్లు

ప్రశ్న: మనిషి సేద్యం నేర్చుకోగానే ఊళ్లు, ఆ వెంటనే రాజులు, పన్నులు, లిపి వచ్చాయని మా అబ్బాయి పాఠంలో ఉంది. ఒకటి వస్తే మిగతావన్నీ రాక తప్పదా? మన వైపు కూడా అలాగే జరిగిందా?
– ఒక పాఠకురాలు, చంద్రగిరి

జవాబు: ఆ వరుస చాలావరకు సరైనదేనమ్మా, కాని మెట్టుకూ మెట్టుకూ నడుమ గడిచిన కాలం పాఠంలో కనిపించదు. పశ్చిమాసియాలో గోధుమ, బార్లీ సాగు సుమారు 10,000 ఏళ్ల కిందటే నిలదొక్కుకోగా, దక్షిణ ఇరాక్‌లోని ఉరుక్ నగరంలో లిపి కనిపించేది క్రీ.పూ. 3300 ప్రాంతంలో. ఈ నడుమ వేల ఏళ్లపాటు జనం పంటలు పండించుకుంటూ, రాజన్నవాడు లేకుండానే బతికారు. టర్కీలోని చాతల్‌హొయుక్‌లో వేలాదిమంది ఇంటికి ఇల్లు ఆనించి కట్టుకుని, మిద్దెల మీదుగా రాకపోకలు సాగిస్తూ తరతరాలు కాపురమున్నారు. తవ్వకాల్లో అక్కడ రాజభవనమేదీ బయటపడలేదు.

మరి రాజ్యం ఎలా వచ్చింది? పంట పండటం కంటే ఆ పంటను లెక్కకట్టగలగడమే ఇందులో కీలకమని నా అభిప్రాయం. ధాన్యం ఒకే కాలంలో కోతకు వస్తుంది, కొలతకు లొంగుతుంది, గాదెలో నిలవ ఉంటుంది. కనుక అధికారం ఉన్నవాడు కళ్లం దగ్గరే వాటా అడగగలడు. దుంపలను నేలలోనే ఉంచి, కావలసినప్పుడు తవ్వుకునేవారి దగ్గర అది అంత సులువు కాదు. ఉరుక్‌లో దొరికిన తొలి మట్టిపలకల్లో అత్యధికం కథలూ స్తోత్రాలూ కావు, చిట్టాలు. అరచేతిలో ఇమిడే ఆ పలకల మీద, పచ్చిమట్టిలో పుల్లతో గీసిన గుర్తులు ఇంత బార్లీ వచ్చిందనీ, పనివారికి ఇంత కొలిచి ఇచ్చామనీ చెబుతాయి.

మన వైపూ ఎడం తక్కువేమీ కాదు. దక్షిణాదిలో సుమారు 5,000 ఏళ్ల కిందటే పశువుల మందలతో జనం స్థిరపడ్డారు. ఉట్నూరులోని బూడిద దిబ్బలు వారి దొడ్లలో పోగుపడిన పేడ కాలగా మిగిలినవే. ఉలవలు, పెసలు, చిరుధాన్యాలు వారి పంటలు. పెద్ద రాజ్యం జాడ స్పష్టంగా కనిపించేది క్రీ.పూ. 3వ శతాబ్దంలో, ఎర్రగుడిలోని అశోకుడి శాసనాలతో.

మీ ప్రాంతానికి వస్తే, స్వర్ణముఖి ఏడాది పొడవునా పారే ఏరు కాదు కనుక, సేద్యం పెరగాలంటే చెరువు కావాలి. చెరువుకు కట్ట, తూము, వాటిని కనిపెట్టుకుని ఉండే నీరుగంటి, మరమ్మతులకు సొమ్ము కావాలి. విజయనగర కాలంలో ఈ బరువును కొంత ఆలయం మోసింది. 15, 16 శతాబ్దాల తిరుమల శాసనాల్లో తరచుగా కనిపించే ఏర్పాటు ఇది: దాత ఇచ్చిన రొక్కంతో ఆలయానికి చెందిన గ్రామాల్లో చెరువులు, కాలువలు తవ్విస్తారు, దానివల్ల అదనంగా పండిన పంటతో స్వామికి నిత్యం నైవేద్యం జరుగుతుంది, ఆ ప్రసాదంలో నాలుగో వంతు దాతకు చెందుతుంది. వాటా తీసుకునే వ్యవస్థే నీటిని కూడా తెచ్చిపెట్టిన ఇలాంటి చోట్లను మరచి, రాజ్యమంటే దోపిడీ మాత్రమే అనడం నాకు సరికాదనిపిస్తుంది.

ఆ శాసనాలను తిరుమల తిరుపతి దేవస్థానం 1930లలో సంపుటాలుగా అచ్చువేసింది. సెలవుల్లో మీ అబ్బాయి చేత వాటిలో చెరువుల ప్రస్తావన ఉన్నవి చదివించి, ఆ ఊళ్లలో ఏవి ఇప్పటికీ ఉన్నాయో వెతికించండి.