ఫ్రాన్సులో మన పిల్ల: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మాది అంబాజీపేట దగ్గర ఒక పల్లెటూరు. మా వారిది కొబ్బరి వ్యాపారం. మా అమ్మాయికి పదహారేళ్ళు. పదో తరగతి పూర్తయ్యాక, విదేశీ కుటుంబంలో ఉండి చదువుకునే విద్యార్థుల మార్పిడి పథకానికి ఎంపికై, ఆగస్టు చివర పశ్చిమ ఫ్రాన్సులోని ఒక చిన్న ఊరికి వెళ్ళింది. పది నెలలు అక్కడి లిసేలో, అంటే మన ఇంటర్మీడియట్ కాలేజీ వంటి బడిలో, చదవాలి. రెండు నెలలు కావస్తోంది. రోజూ మన రాత్రి పదింటికి ఫోను చేస్తాను. గంటసేపు మాట్లాడితే అందులో సగం ఏడుపే. బల్ల దగ్గర అందరూ నవ్వుతుంటే తనకు ఒక్క ముక్క కూడా అర్థం కావడం లేదట. తిండి కూడా సరిగ్గా తినడం లేదు. "ఇంకొంచెం వేసుకుంటావా అని అడుగుతారమ్మా, నేను మర్యాదగా మెర్సీ అంటాను, గిన్నె పక్కవాళ్ళకి వెళ్ళిపోతుంది" అంటోంది. మొన్న చరిత్రలో ఇరవైకి ఆరు మార్కులు వచ్చాయి. ఇక్కడ ఆరొందలకు ఐదొందల డెబ్బై తెచ్చుకున్న పిల్ల. వెనక్కి పిలిపించేద్దామని నేను, ఉండనిమ్మని మా వారు. మీరేమంటారు? నెయ్యి, ఆవకాయ పార్సిల్ చేస్తే కాస్త తేరుకుంటుందా?
(పేరు ప్రచురించవద్దని కోరిన తల్లి)

జవాబు: అమ్మా, ముందుగా ఆ గిన్నె సంగతి చెప్పాలి, ఎందుకంటే మీ అమ్మాయి ఆకలికి కారణం ఆ ఒక్క మాటే. మెర్సీ అంటే కృతజ్ఞత తెలిపే మాట అని మనందరికీ తెలుసు. కానీ ఎవరైనా ఏదైనా వడ్డించబోతున్నప్పుడు ఆ మాట ఒక్కటే అంటే, ఫ్రెంచివారి చెవికి అది "చాలండి, వద్దు" అన్నట్టే వినిపిస్తుంది. పాపం ఆ ఇంటివారు పిల్ల మాట గౌరవించి గిన్నె పక్కకు జరుపుతున్నారు. కావాలనుకున్నప్పుడు "వీ, వొలోఁతియే" అనమనండి. సంతోషంగా తీసుకుంటానని దాని భావం. మన ఇళ్ళలో వద్దన్నా మూడుసార్లు వడ్డించే మర్యాదకు అలవాటుపడ్డ పిల్ల, అక్కడ కూడా ఎవరో ఒకరు బలవంతం చేస్తారని ఎదురుచూస్తూ ఉండవచ్చు. అక్కడ ఆ బలవంతం ఉండదు. అది నిర్లక్ష్యం కాదని, వారి దృష్టిలో అదే మర్యాద అని ఆమెకు చెప్పండి.

మార్కుల విషయంలో దిగులు అక్కర్లేదు. అక్కడ ఇరవైకి పది వస్తే గట్టెక్కినట్టు. బాకలోరియా అనే చివరి పరీక్షలో కూడా పన్నెండు దాటితే ఫరవాలేదనీ, పద్నాలుగు దాటితే బాగుందనీ, పదహారు దాటితే చాలా బాగుందనీ పట్టా మీద రాస్తారు. ఇరవైకి ఇరవై అరుదు. ఆ లెక్కన, రెండు నెలల ఫ్రెంచితో, పరాయి దేశపు చరిత్రను పేజీలకు పేజీలు వ్యాసంగా రాయవలసిన పరీక్షలో ఆరు మార్కులు తెచ్చుకున్న పిల్లను నేనైతే మెచ్చుకుంటాను. లెక్కల్లో ఎన్ని వచ్చాయో మీరు రాయలేదు. బహుశా అందులో తరగతిలో ముందే ఉండి ఉంటుంది.

ఇక అసలు విషయం భాష. మన పిల్లలు ఫ్రెంచి దగ్గరకు ఇంగ్లీషు మీదుగా వెళతారు. రాజోలు నుంచి అంతర్వేదికి వెళ్ళడానికి రాజమండ్రి చుట్టి వచ్చినట్టు ఉంటుంది ఆ ప్రయాణం. తెలుగు నుంచి నేరుగా దారి ఉందన్న సంగతి వారికి ఎవరూ చెప్పరు. ఒక ఉదాహరణ చూడండి. వయసు చెప్పడానికి ఇంగ్లీషులో ఆలోచించే పిల్ల "నేను పదహారు" అనే ధోరణిలో "జ సుయి సేజ్" అంటుంది, తరగతి అంతా నవ్వుతుంది. ఫ్రెంచిలో "జే సేజ్ ఆఁ" అనాలి: నాకు పదహారేళ్ళు ఉన్నాయి. ఆకలి కూడా అంతే, "జే ఫేఁ", నాకు ఆకలి ఉంది. "స మ ప్లే" అన్న వాక్యంలో స అంటే అది, మ అంటే నాకు, ప్లే అంటే నచ్చుతుంది. ఏ పదం స్థానంలో ఆ పదం పెడితే మన వాక్యమే వస్తుంది. "ఈల్ మ ఫో" అంటే నాకు కావాలి. ఈ "నాకు" అన్న విభక్తి మన నాలుక మీద పుట్టినప్పటి నుంచీ ఉన్నదే. అది చేతిలో ఉంచుకుని ఇంగ్లీషు వాక్యంలో ఇరుక్కోవడం ఎందుకు?

ఉచ్చారణలో కూడా మనకు ఒక ఆస్తి ఉంది. ఫ్రెంచిలో ముక్కుతో పలికే అచ్చులు ఇతర దేశాల పిల్లలను ఏడిపిస్తాయి. మనం ఎవరైనా పిలిస్తే "ఆఁ" అంటాం, కథ వింటూ "ఊఁ" కొడతాం, కోపం వస్తే "ఏఁ?" అంటాం. రొట్టెను వారు "పేఁ" అంటారు, గాలిని "వాఁ" అంటారు, మంచిదాన్ని "బోఁ" అంటారు. బడిలో చదివి మరిచిపోయిన అరసున్నాను మీ అమ్మాయి అక్కడ రోజూ వాడుకోవచ్చు. కష్టమల్లా పదాల చివర. మన భాషలో మాట అచ్చుతో ముగియాలి కాబట్టి బస్సు, బాక్సు, ప్లేటు అని చివర ఒక ఉకారం తగిలిస్తాం. ఫ్రెంచివారేమో రాసిన అక్షరాల్లో కూడా చివరి హల్లులను చాలాచోట్ల మింగేస్తారు. ఆ ఉకారాన్ని మానడానికి కొన్ని నెలలు పడుతుంది. అంకెలు మరో చిక్కు: ఎనభైని నాలుగు ఇరవైలు అనీ, తొంభై రెండును నాలుగు ఇరవైల పన్నెండు అనీ చెబుతారు. నాలుగింటిని పుంజీ అని లెక్కపెట్టిన మీ అత్తగారి తరాన్ని ఆమెకు గుర్తు చేయండి, కాస్త నవ్వుకుంటుంది.

మీరు, నువ్వు తేడా కూడా ఆమెకు కొత్త కాదు. వూ, త్యు అన్నవి అవే. ఉపాధ్యాయులకు, దుకాణదారులకు, ముక్కూముఖం తెలియని పెద్దవారికి వూ తప్పనిసరి. అయితే ఆ ఇంటి తల్లిదండ్రులు బహుశా తమను త్యు అని, పేరు పెట్టి పిలవమని ఉంటారు. యాభై ఏళ్ళ ఆవిడను పేరుతో పిలవడానికి కోనసీమ పిల్లకు నోరు రాదు, నాకు తెలుసు. అమ్మను మనం నువ్వు అనే అంటాం కదా, అదీ అటువంటి నువ్వే అనుకోమనండి. దుకాణంలో అడుగుపెట్టగానే "బోఁజూర్ మదామ్" అనకుండా నేరుగా ధర అడగడం అక్కడ అమర్యాద. మాట మాటకూ చివర "అండి" చేర్చే ప్రాంతం నుంచి వెళ్ళిన పిల్లకు ఆ మదామ్, మొస్యు చేర్చడం ఒక వారంలో అలవాటవుతుంది.

ఇప్పుడు మీకు కష్టం కలిగించే మాట ఒకటి చెప్పాలి. వేసవి గడియారం ప్రకారం ఫ్రాన్సు మనకంటే మూడున్నర గంటలు వెనుక ఉంటుంది. అంటే మీరు ఫోను చేసే రాత్రి పది గంటలు వారి సాయంత్రం ఆరున్నర. బడి నుంచి, పని నుంచి అందరూ ఇల్లు చేరి, వంటగదిలో ఒకరు కూరలు తరుగుతూ ఒకరు బల్ల సర్దుతూ ఆనాటి కబుర్లు చెప్పుకునే వేళ అది. ఏ పుస్తకంలోనూ లేని ఫ్రెంచి అంతా ఆ గంటలో, ఆ గదిలో దొరుకుతుంది. సరిగ్గా అదే గంట మీ అమ్మాయి పై గదిలో తలుపు వేసుకుని మీతో తెలుగులో ఏడుస్తోంది. ఆ తరువాత కిందికి దిగి భోజనానికి కూర్చుంటే, అప్పటికే సగం నడిచిన మాటల్లో తల ఎలా దూర్చగలదు? అక్టోబరు చివరి ఆదివారం నుంచి వారి గడియారం మారి తేడా నాలుగున్నర గంటలవుతుంది కనుక, ఇదే అదనుగా మీ వేళ కూడా మార్చుకోండి. ఆదివారం ఒక్కరోజు, వారి మధ్యాహ్న భోజనం అయ్యాక, తీరిగ్గా ఎంతసేపైనా మాట్లాడండి. మిగిలిన రోజుల్లో నాలుగు వాక్యాల సందేశం చాలు. ఆ సాయంత్రపు గంటలో బల్ల మీద పళ్ళేలు పెట్టే పని అడిగి తీసుకోమనండి. చేతికి పని ఉన్నప్పుడు ఫోర్కు, కత్తి, గ్లాసు అన్న మాటలు వాటంతట అవే నోటికి వస్తాయి. నవ్వులు అర్థం కావడం ఆ తరువాత మొదలవుతుంది. నేను ఫ్రెంచి చెప్పి పంపిన పిల్లల్లో ఎక్కువమందికి చెవి తెరుచుకున్నది క్రిస్మస్ సెలవుల ముందో వెనుకో. రెండో నెలలో ఏడవని పిల్ల ఒక్కరే నాకు గుర్తున్నారు, ఆ పిల్లకు అక్కడ ఒక తమిళ స్నేహితురాలు దొరికింది, ఫ్రెంచి మాత్రం రాలేదు.

అయితే ఒక సంగతి తేల్చుకోండి. ఏడుపు భాష వల్లా, లేక ఇంటివారి ప్రవర్తన వల్లా? తిండి పెట్టకపోవడం, అవమానించడం, ఆమెకు భయం కలిగించడం వంటిది ఏది ఉన్నా ఒక్కరోజు కూడా ఆగకుండా ఆ పథకం తరఫున అక్కడ నియమించిన స్థానిక ప్రతినిధికి చెప్పాలి. ఇల్లు మార్చే ఏర్పాటు ఇటువంటి పథకాల్లో ఉంటుంది. మీ ఉత్తరంలో అటువంటి జాడ నాకు కనబడలేదు కాబట్టి ఈసారికి మీ వారి పక్షమే నాది.

నెయ్యి పంపకండి. ఐరోపా సమాఖ్య బయటి దేశాల నుంచి పాల పదార్థాలను, మాంసాన్ని ఇలా తెప్పించుకోవడం నిషేధం. సరిహద్దులో తీసి పారేస్తారు. ఆవకాయ నూనె కారి పార్సిల్ అంతా పాడవుతుంది. దానికి బదులు ఆమె చేత ఒకరోజు ఆ ఇంట్లో పులిహోర చేయించండి. చింతపండు ఆ చిన్న ఊరిలో దొరకకపోతే నిమ్మకాయ ఉంటుంది. బడి క్యాంటీనులలో 2019 నుంచి వారానికి ఒక పూటైనా శాకాహార భోజనం పెట్టాలన్న చట్టం కూడా ఉంది. పంది, గొడ్డు మాంసం తినని పిల్ల ఆ సంగతి మొదటే చెప్పి ఉండకపోతే ఇప్పుడైనా స్పష్టంగా చెప్పమనండి.

ఇంకొకటి. ఏదో ఒక ఆదివారం ఆమె ఫ్రెంచిలో "త్యు మ మాఁక్" అనవచ్చు. మాటకు మాట చెప్పుకుంటే, నువ్వు నాకు లోటుగా ఉన్నావని దాని అర్థం. అప్పుడు మీరు ఏడిచినా ఫరవాలేదు.

ప్రశ్న: నేను యానాంలో ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరం చదువుతున్నాను. మా తాతగారికి చిన్నప్పుడు ఫ్రెంచి వచ్చేదట. నేను కూడా ఇటువంటి పథకంలో వెళ్ళాలనుకుంటున్నాను. సంవత్సరం వృథా అవుతుందా? ఎంత ఫ్రెంచి రావాలి?
(ఒక విద్యార్థి, యానాం)

జవాబు: సంవత్సరం వెనుకబడడం చాలావరకు ఖాయమనే అనుకోండి, అక్కడి లిసే మార్కులతో మన ఇంటర్మీడియట్ గట్టెక్కదు. ఈఏపీసెట్ (పాత పేరు ఎమ్‌సెట్), జేఈఈ వైపు చూస్తున్నవారైతే ఇంట్లో ముందే కూర్చుని తేల్చుకోవాలి. వయసు సాధారణంగా పదిహేను, పద్ధెనిమిది మధ్య ఉండాలి కనుక మీకు ఎక్కువ వ్యవధి లేదు. భాష విషయానికి వస్తే, మొదటి రెండు మెట్లయిన ఏ1, ఏ2 ముగించి వెళితే మొదటి నెల తేలికవుతుంది. ఫ్రెంచి ఎంత వచ్చో తేల్చే డెల్ఫ్ పరీక్ష ఒకసారి నెగ్గితే ఆ పత్రానికి కాలపరిమితి లేదు. పుదుచ్చేరిలోను, హైదరాబాదులోను ఫ్రెంచి నేర్పే అలియాన్స్ ఫ్రాన్సేజ్ సంస్థ ఉంది.

మీ తాతగారు ఉంటే రోజూ ఒక పావుగంట ఆయన దగ్గర కూర్చోండి. యానాం 1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య నాయకత్వంలో ఫ్రెంచి పాలన నుంచి బయటపడింది, ఆ నవంబరు 1న పాలన భారతదేశం చేతికి వచ్చింది, చట్టబద్ధమైన బదలాయింపు మాత్రం 1962 ఆగస్టులో జరిగింది. ఆ కాలపు బడిలో డిక్టే, అంటే మేష్టారు చదువుతుంటే విని రాసే పాఠం, రాసినవారి ఉచ్చారణ ఈనాటి సెల్‌ఫోను యాప్‌లలో దొరకదు. అయితే ఆయన మాట్లాడేది బడి ఫ్రెంచి. మీ ఈడు పిల్లలు లిసే వరండాలో మాట్లాడేది వేరు. రెండూ కావాలి.

ప్రశ్న: మా మనవరాలిని పది నెలలు సాకిన ఫ్రాన్సు దంపతులు ఈ సంక్రాంతికి మా ఇంటికి వస్తున్నారు. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం చూపిద్దామనుకుంటున్నాం. భోజనాల దగ్గర ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?
(ఒక అమ్మమ్మ, అమలాపురం)

జవాబు: అమ్మమ్మగారూ, తీర్థానికి తప్పక తీసుకువెళ్ళండి, ప్రభలు భుజాల మీద కాలవలోంచి, చేలలోంచి రావడం చూస్తే వారు జన్మలో మరచిపోరు. ఎండకు టోపీ, తాగడానికి సీసా నీళ్ళు మరచిపోకండి. బుగ్గకు బుగ్గ ఆనించి పలకరించడం వారి అలవాటు, మీకు మొహమాటమైతే ముందే చేతులు జోడించండి, సరిపోతుంది.

భోజనాల దగ్గరే అసలు ప్రమాదం. పళ్ళెంలో వేసినది వదలడం వారిలో చాలామందికి తప్పుగా తోస్తుంది, ఖాళీ విస్తరి చూస్తే మళ్ళీ వడ్డించకపోవడం మీకు తప్పుగా తోస్తుంది. ఇద్దరూ మర్యాదస్తులే కాబట్టి ఎవరూ ఆగరు, బొబ్బట్లు పదో పన్నెండో అయ్యాక ఆ పెద్దాయన డాక్టరు దగ్గరకు వెళ్ళవలసి వస్తుంది. కొంచెం కొంచెం వడ్డించండి. కారం ఒక పక్కన విడిగా పెట్టండి. ఆయన చిరునవ్వుతో చెయ్యి అడ్డం పెట్టి "మెర్సీ" అన్నారంటే మీ వంటను మెచ్చుకుంటున్నారని మురిసిపోయి మరో రెండు వేయకండి. చాలని బతిమాలుకుంటున్నారు.