జావా ఒక్కటి వస్తే చాలా, ఇంకో ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్ కూడా నేర్చుకోవాలా?

హైదరాబాద్ అమీర్‌పేటలో జావా కోర్సు ముగించి ఉద్యోగం వెతుక్కునేవాళ్లకు తరచూ వచ్చే సందేహం ఇది. రెండోది తప్పకుండా నేర్చుకోండి, కాకపోతే మొదటిది గట్టిగా పట్టుబడ్డాకే. అక్కడి మైత్రీవనం చుట్టుపక్కల కోచింగ్ సెంటర్ల బోర్డులు చూసి నెలకో కోర్సులో చేరితే ఏదీ లోతుగా రాదు, డబ్బులూ పోతాయి.

రెండో లాంగ్వేజ్ వల్ల అసలు లాభం రెజ్యూమేలో ఇంకో పేరు చేరడం కాదు, మొదటిది ఎలా పనిచేస్తుందో తెలియడం. ఉదాహరణకు మెమరీ సంగతే చూడండి. జావాలో ఇక అక్కర్లేని ఆబ్జెక్టులను గార్బేజ్ కలెక్టర్ తనే తీసేస్తుంది. సీ లాంగ్వేజ్‌లో మాలాక్ (malloc) అనే ఫంక్షన్‌తో తీసుకున్న మెమరీని మనమే ఫ్రీ చేయాలి. మరచిపోతే లీక్, అంటే ఆ మెమరీ ఎవరికీ పనికిరాకుండా ఉండిపోతుంది. రెండుసార్లు ఫ్రీ చేస్తే ప్రోగ్రామ్ క్రాష్ కావచ్చు. 2015లో 1.0 వెర్షన్ వచ్చిన రస్ట్‌లోనైతే ఏ డేటాకు ఓనర్ ఎవరో కంపైల్ చేసేటప్పుడే తేలిపోవాలి. ఈ తేడా ఒకసారి అర్థమైతే, జావాలో అవుట్ ఆఫ్ మెమరీ ఎర్రర్ వచ్చినప్పుడు టెన్షన్ పడరు. ప్రోగ్రామ్ నడిచినంతసేపూ ఉండిపోయే ఏ స్టాటిక్ మ్యాప్ పాత ఆబ్జెక్టులను వదలకుండా పట్టుకుందో వెతుకుతారు.

అలాగే జావాలో పూర్ణాంకాలకు వాడే ఇంట్ (int) విలువ 2147483647 దాటితే ఏ ఎర్రరూ లేకుండా నెగటివ్‌లోకి వెళ్లిపోతుంది. పైథాన్ పూర్ణాంకాలకు అలాంటి హద్దు లేదు.

అందుకే జావా తర్వాత దాని పోలికలే ఎక్కువగా ఉన్న సీ షార్ప్ కన్నా, సీ గానీ పైథాన్ గానీ ఎంచుకోమంటాను. ఆండ్రాయిడ్ పనే మీ లక్ష్యమైతే మాత్రం కోట్లిన్ నేర్చుకోండి, 2019 నుంచి గూగుల్ దానికే మొదటి ప్రాధాన్యం ఇస్తోంది. డేటాబేస్‌లతో పనికి వాడే ఎస్‌క్యూఎల్ ఎలాగూ అందరికీ కావాల్సిందే.