ప్రింట్ వస్తోంది, స్కాన్ మాత్రం రావడం లేదు. ఫైర్‌వాల్ ఆపేయాల్సిందేనా?

అక్కర్లేదు. ఫైర్‌వాల్ అంటే బయటి నుంచి కంప్యూటర్‌లోకి వచ్చేవాటిని ఆపే విండోస్ కాపలాదారు. కోఠిలో మీ జిరాక్స్ షాపులో ఫైర్‌వాల్ ఆపితేనే స్కాన్ ఫోల్డర్‌లో పడుతోందన్నారు కదా, తేడా అంతా ముందు ఎవరు పలకరిస్తున్నారన్న దాంట్లో ఉంది. ప్రింట్‌కి కంప్యూటరే మెషీన్ దగ్గరికి వెళ్తుంది. బయటికి వెళ్లేదాన్ని విండోస్ మామూలుగా ఆపదు. స్కాన్ బటన్ నొక్కితే మెషీనే వచ్చి కంప్యూటర్ తలుపు తడుతుంది. పిలవని చుట్టం కాబట్టి గడప దగ్గరే ఆగిపోతుంది.

ముందు విండోస్‌లో మీ నెట్‌వర్క్ 'పబ్లిక్' (నమ్మకం లేనిది) అని ఉంటే 'ప్రైవేట్' (మన సొంతం) చేయండి. చాలాసార్లు గొడవ ఇక్కడే తీరిపోతుంది. తర్వాత ఫైర్‌వాల్ అనుమతుల్లో 'ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్'కి ప్రైవేట్ గడిలో టిక్ పెడితే, స్కాన్ ఫోల్డర్‌లోకి వచ్చే తలుపు, అంటే టీసీపీ 445 పోర్టు, తెరుచుకుంటుంది. కస్టమర్లకీ అదే వైఫై ఇస్తుంటే మాత్రం, వాళ్లకీ ఆ తలుపు తెరుచుకోకుండా, ఆ అనుమతి రూల్‌లోని 'స్కోప్'లో (ఎవరిని రానివ్వాలో చెప్పే చోట) ఆ మెషీన్ ఐపీ (నెట్‌వర్క్‌లో దాని చిరునామా) ఒక్కటే రాయండి.